పెద్దవాగు గండి దగ్గర

అశ్వారావుపేట దాటి గుమ్మడవల్లి వైపు వెళ్తుంటే దారి పొడుగునా పామాయిల్ తోటలే. ఆ పచ్చదనం చూసి పెద్దవాగు ప్రాజెక్టు కట్టెక్కితే లోపల నిలిచిన నీరు లేదు. బీటలిచ్చిన ఒండ్రు మధ్యలోంచి వాగు తన పాత దారిన సన్నగా పారుతోంది. గేట్లున్న కాంక్రీటు కట్టడం నిలబడే ఉంది. దాన్ని ఆనుకుని ఉండాల్సిన మట్టికట్ట మాత్రం 2024 జులై 18న వచ్చిన వరదకు గండిపడి కొట్టుకుపోయింది.

ఉన్నవి మూడే గేట్లు. ఆ రోజు వాటిలో ఒకటి లేవలేదు. వచ్చే నీరు పోయే నీటిని మించిపోయింది. మట్టికట్ట ఎంత నీటినైనా ఆపగలదేమో గానీ, నీరు తన మీదుగా పొర్లితే తట్టుకోలేదు. అవతలి వాలు కోసుకుపోవడం మొదలైందంటే ఇసుక బస్తాలు వేసే వ్యవధి కూడా ఇవ్వదు.

గేటంటే ఒట్టి ఇనుప పలక కాదు. దాన్ని ఎత్తే రోప్, గేర్లు, మోటారు, కరెంటు పోతే జనరేటరు, అదీ మొరాయిస్తే చేత్తో తిప్పే హ్యాండిల్, తిప్పడానికి అర్ధరాత్రైనా అక్కడ ఉండే మనిషి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా గేటు లేనట్టే. గ్రీజుకీ, రోప్‌కీ, ఆ మనిషి జీతానికీ దొరకని డబ్బు గండి పడ్డాక అంచనాల్లోకి కోట్లలో వచ్చి చేరుతుంది.

పెద్దవాగుకు ఇంకో చిక్కుంది. కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కింద ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014లో పోలవరం ముంపు పేరిట అటు కలిశాయి, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నాయి. మరమ్మతుకు ఎవరి వాటా ఎంతో లెక్క తేలాలి, తేలినా డబ్బు జమ కావాలి. వాగుకు ఈ లెక్కలతో పనిలేదు.

వేలేరుపాడు వైపు దిగితే పొలాల్లో ఇసుక మేటలు. గట్లు ఎక్కడున్నాయో పోల్చుకోవడం కష్టం. ఒక రైతు కాలితో ఇసుకను తోసి చూపించాడు. "నారు పోతే మళ్లీ పోసుకుంటామండీ. ఇది ఎత్తించడానికి ట్రాక్టరు కిరాయి ఎవరిస్తారు?" నా దగ్గర జవాబు లేదు.

గేటు లేవక కట్ట తెగడం ఇదే మొదటిసారి కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఇలాగే పోయింది. అక్కడా అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. ఊళ్లు మునిగి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది చివర్లోనే డ్యాముల భద్రతా చట్టం వచ్చింది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలని అందులో రాసి ఉంది. తనిఖీ చేసి "గేటు పనిచేయడం లేదు" అని రాసిన కాగితం గేటును ఎత్తదు.

కట్ట కింద ఊళ్లలో ఉండేవారు ఈ పని చేయండి. మే నెలలోనే ఇంజనీర్లను పిలిచి, మీ ఎదుటే ప్రతి గేటూ ఎత్తి దించి చూపించమనండి. జనరేటరు స్టార్ట్ చేయించండి. కట్ట అడుగున ఊరే నీరు తేటగా ఉందో, మట్టి కలిసి వస్తోందో చూడండి. మట్టి కలిసి వస్తోందంటే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే. ఆ రోజే ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి.