పొదిలి పల్లెల్లో పుష్యమాసం

చలికాలపు ఒంటరితనమంటే మనకు తెరమీద చూసిన మంచుదేశాలే గుర్తుకు వస్తాయి: మంచుకు దారి మూసుకుపోయిన పల్లె, లోపల దీపం దగ్గర ఒక్క మనిషి. పొదిలి ప్రాంతంలో మంచుగడ్డ కట్టే చలి లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున ఒక దుప్పటీ, గుప్పెడు చితుకుల మంటా చాలు. అయినా ఆ ఒంటరితనం ఇక్కడా ఉన్నది.

ఒంగోలు నుంచి పడమరగా సుమారు 50 కిలోమీటర్లు వస్తే పొదిలి. మార్కాపురం, దర్శి, కనిగిరి బాటలు కలిసే చోటు. బస్సుల సందడి ఉన్నది, పొగాకు వేలం కేంద్రం ఉన్నది. చుట్టుపట్ల పల్లెల్లోకి వెళితే మాట వేరు. అవన్నీ వానను నమ్ముకున్న మెట్టపొలాలు. వాన మోసం చేసిన ఏడు, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ కుటుంబాలు గుంటూరు వైపు వలసపోతాయి. వీధిలో వరుసగా తాళాలు. మిగిలేది ముసలివాళ్లు.

వాళ్లూ వెంట పోవచ్చుగదా అంటారేమో. చాలామందికి మోకాళ్లు వంగవు. ఇక్కడి బావినీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ల మీద గారమచ్చలతో మొదలై, ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుని కీళ్లను బిగించేస్తుంది. ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలో, 1937లోనే షార్టు మొదలైన వైద్యులు ఆ జిల్లాలోని ఈ జబ్బును గురించి ప్రకటించారు. నీళ్లు లేక పడుచువాళ్లు ఊరు విడిచిపోతారు. ఉన్న నీళ్లు తాగి ముసలివాళ్లు కదలలేక ఉండిపోతారు.

సాయంత్రం ఫోను మోగితే, "అమ్మా, తిన్నావా?" అన్న మాటే ఆ పూటకు తోడు. నెల మొదటి తేదీన 4,000 రూపాయల పింఛను ఇంటికే వస్తుంది. తెచ్చే మనిషి కోసం ఎదురుచూపు డబ్బు కోసం మాత్రమే కాదు. సంక్రాంతికి పిల్లలు వస్తే మూడు రోజులు వెలుగు. కనుమ వెళ్లగానే మళ్లీ తాళాలు.

శ్రీశైలం జలాలను ఈ పడమటి మెట్టకు తేవడానికి వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కింద తొలిచిన రెండు సొరంగాలు, ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్లు, 2024 మార్చిలో ప్రారంభమయినాయి. ఆ నీరు చేల దాకా పారితే, చలికాలంలో ఎన్ని తలుపులు తెరిచి ఉంటాయో చూడాలి.

అందాకా, మార్కాపురం దారిన పోయే పాఠకులు ఏదో ఒక పల్లెలో ఆగి, అరుగు మీద కూర్చున్నావిడను "పెద్దమ్మా, బాగున్నావా?" అని పలకరించండి. జవాబు వినడానికి కాస్త తీరిక మాత్రం ఉంచుకోండి.