రెండు వరదలు

మరపు మనిషికి వరమని పెద్దలంటారు. అయినా మరువరానివి కొన్ని ఉంటాయి. వాటిని దాచుకోవడానికి మానవుడు ఒకనాడు రాతిని ఆశ్రయించాడు, రాగిరేకును ఆశ్రయించాడు, తాటాకును, కాగితాన్ని ఆశ్రయించాడు. నేడు హార్డ్ డిస్కును ఆశ్రయిస్తున్నాడు. తాటాకుకు చెదల భయం, కాగితానికి తడి భయం. హార్డ్ డిస్కుకు ఏ భయమూ లేదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంతటిదో భద్రాచలంలోని ఒక ఛాయాచిత్రకారుని అనుభవం తెలియజేస్తుంది.

ఖమ్మం నుండి భద్రాచలానికి పోయే దారి కొత్తగూడెం, పాల్వంచలను దాటి అడవి అంచున సాగుతుంది. సారపాకలోని కాగితపు కర్మాగారం కనబడిన కొద్దిసేపటికే గోదావరి వంతెన వస్తుంది. వంతెన దాటితే రామాలయం, దాని చుట్టూ ఊరు. ఆ ఊరి వీధిలో ఆయన స్టూడియో ఉంది. శ్రీరామనవమికి వచ్చే యాత్రికులు, పరీక్ష దరఖాస్తులకు ఫోటోలు దిగే విద్యార్థులు, పెళ్లికి ఫోటోలు తీయించుకొనే గూడేల వారు ఆయనకు ఆధారం. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెలకూ, శబరి గోదావరిలో కలిసే కూనవరం వైపు ఊళ్లకూ కెమెరా భుజాన వేసుకొని ఆయన ఎన్నోసార్లు వెళ్లాడు. కొమ్ముకోయ నృత్యాలు, భూమి పండుగలు, పెళ్లి పందిళ్లు, బడి ముందు వరుసగా నిలబడిన పిల్లలు ఆయన కెమెరాలో చేరారు.

ఆయన వృత్తిలో ప్రవేశించిన రోజుల్లో రీలుకు ముప్పయ్యారు ఫోటోలు. మీట నొక్కిన ప్రతిసారీ ఖర్చే. అందుచేత చూసి చూసి నొక్కేవాడు. పని ముగిశాక నెగెటివులను కవరులో పెట్టి, దానిపై ఊరి పేరు, సంవత్సరం రాసి ఇనుప ట్రంకు పెట్టెలో దాచేవాడు. ఆ పెట్టె అటక మీద ఉండేది. దానికి వెలకట్టవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

డిజిటల్ కెమెరా వచ్చాక ఆ లెక్క మారింది. పెళ్లికి నాలుగు రీళ్లు వాడినవాడు వెయ్యి ఫోటోలు తీయసాగాడు. అవన్నీ కంప్యూటరులోకి, అక్కడి నుండి అరచేతిలో పట్టే ఒక డిస్కులోకి చేరేవి. ఏటేటా డిస్కు పరిమాణం పెరిగేది, ధర తగ్గేది. ఇంత చవకగా దొరికేదాన్ని గురించి ఎవరు ఆలోచిస్తారు? కవరు మీద ఊరి పేరు రాసే అలవాటు కూడా క్రమంగా పోయింది.

2011 వేసవి నాటికి సుమారు ఆరేళ్ల పని మొత్తం ఒకే డిస్కులో ఉంది. కంప్యూటరు బాగుచేసే కుర్రవాడు దాన్ని చూసి, "అన్నా, ఒక్కదాంట్లోనే పెడితే ఎట్లా? ఇంకో కాపీ ఉండాలి" అని హెచ్చరించాడు. ఆ మాట ఆయనకు సబబుగా తోచింది. ధర కనుక్కున్నాడు. కార్తీక మాసంలో పెళ్లిళ్ల బేరాలు వచ్చాక కొందామనుకున్నాడు. నవంబరులో డబ్బు సర్దుకొని బస్సెక్కి ఖమ్మం వెళ్లాడు. దుకాణదారుడు చెప్పిన ధర వేసవి ధరకు దాదాపు రెట్టింపు.

"ఇదేం ధరయ్యా?"

"నేనేం చేయను అన్నా! థాయ్‌లాండ్‌లో వరదలంట. సరుకే రావడం లేదు. రేపు వస్తే ఇంకెంత ఉంటుందో!"

గోదావరి వరద తెలిసిన మనిషి ఆయన. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నది 75.6 అడుగులకు చేరిన దృశ్యం ఆయన కళ్లారా చూశాడు. వరద వస్తే బియ్యం ధర, కిరోసిన్ ధర పెరగడం ఆయన ఎరుగును. కానీ ఎక్కడో పరాయి దేశపు వరదకు ఖమ్మంలో ఒక డబ్బా ధర పెరగడం ఆయనకు వింతగా తోచింది. ధర దిగినాక చూద్దామని ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు.

ఆ దుకాణదారుడు చెప్పినది నిజమే. 2011లో థాయ్‌లాండ్‌లోని చావో ఫ్రాయా నది పొంగి, ఎనిమిది వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్టోబరులో అయుత్తయ, పథుమ్ థాని ప్రాంతాల పారిశ్రామికవాడలు నీట మునిగాయి. ప్రపంచంలో తయారయ్యే హార్డ్ డిస్కులలో దాదాపు నలభై శాతం ఆ దేశం నుండే వచ్చేవి. వెస్టర్న్ డిజిటల్ కర్మాగారాలలోకి నీరు చేరింది. సీగేట్ కర్మాగారాలు మునగలేదు. కానీ వాటికి విడిభాగాలు అందించే సంస్థలు మునిగాయి. డిస్కును తిప్పే చిన్న మోటారు రాకపోతే తక్కినవన్నీ ఉండి ఏం ప్రయోజనం? మూడు నెలలకు పదిహేడు కోట్లకు పైగా డిస్కులు అమ్మిన పరిశ్రమ, ఆ ఏడాది చివరి మూడు నెలల్లో సుమారు పన్నెండు కోట్లతో సరిపెట్టుకొంది.

అయితే నేరమంతా నదిపై మోపడం న్యాయం కాదు. ఈ పరిశ్రమ చరిత్రను కొంత పరిశీలించాలి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి హార్డ్ డిస్కును లోకానికి పరిచయం చేసింది. రెండడుగుల వ్యాసం గల యాభై పళ్లేలు, టన్నుకు మించిన బరువు! ఇంతా చేసి అందులో పట్టింది సుమారు యాభై లక్షల అక్షరాలు. నేడు సెల్‌ఫోనులో తీసే ఒకటి రెండు ఫోటోలకు ఆ చోటు చాలదు. 1980లో సీగేట్ అంతే సమాచారం పట్టే చిన్న డిస్కును పదిహేను వందల డాలర్లకు అమ్మింది. ఆపైన ఎందరో ఈ రంగంలో దిగారు. ఆది నుండి లెక్కిస్తే రెండు వందలకు పైగా సంస్థలు హార్డ్ డిస్కులు తయారుచేశాయని అంచనా. ఒకరిని మించి ఒకరు పరిమాణం పెంచారు, ధర తగ్గించారు. భద్రాచలం వీధిలోని స్టూడియోకు డిస్కు అందుబాటులోకి రావడం ఆ పోటీ ఫలమే.

ఆ పోటీయే పోటీదారులను మింగింది. ధర తగ్గేకొద్దీ లాభం సన్నగిల్లింది. కొత్త పరిశోధనకు ఖర్చు పెరిగింది. తట్టుకోలేనివారు మూతపడ్డారు లేదా అమ్ముడుపోయారు. తొలి డిస్కు చేసిన ఐ.బి.ఎం. సైతం 2003 నాటికి ఆ విభాగాన్ని హిటాచీకి అప్పగించింది. 2006లో మాక్స్‌టర్ సీగేట్‌లో కలిసింది. 2011 డిసెంబరులో శామ్‌సంగ్ డిస్కుల వ్యాపారం సీగేట్ చేతికి, 2012 మార్చిలో హిటాచీ వ్యాపారం వెస్టర్న్ డిజిటల్ చేతికి వచ్చాయి. మూడవ సంస్థగా తోషిబా మిగిలింది. ఇన్ని వందల దీపాలు వెలిగిన చోట మూడే మిగిలాయి. వరద నాటికే ఈ ఒప్పందాలు కుదిరి ఉన్నాయి. నీరు తీసిన తరువాత కర్మాగారాలు తిరిగి నడిచాయి. కానీ నీరు దిగినంత వేగంగా ధర దిగలేదు. పైగా కొన్ని రకాల డిస్కులకు ఇచ్చే హామీ కాలాన్ని సీగేట్, వెస్టర్న్ డిజిటల్ తగ్గించాయి. పది దుకాణాలున్న సంతలో బేరమాడవచ్చు. మూడే ఉన్నప్పుడు వారు చెప్పినదే ధర.

ఛాయాచిత్రకారుడు ధర దిగుతుందని ఎదురుచూస్తూనే ఉన్నాడు. 2012 వానాకాలంలో ఒక రోజు డిస్కు నుండి టక్ టక్‌మనే శబ్దం వినిపించింది. ఆపై కంప్యూటరు దాన్ని గుర్తించలేదు. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి కొన్ని వేలసార్లు తిరుగుతుంది. దానికి తగలకుండా, వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తున ఒక మీట సమాచారాన్ని చదువుతుంది. ఆ మీట తగిలితే పళ్లెం గీసుకుపోతుంది. హైదరాబాదులో విచారిస్తే, లోపలిది తిరిగి తీయడానికి డిస్కు వెలకు ఎన్నో రెట్లు అడిగారు. వస్తుందన్న హామీ మాత్రం లేదన్నారు. ఆయన ఆ డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. ఎవరూ అడగలేదు కనుక కొన్నాళ్లకు ఆ నష్టం ఆయనకూ మరపున పడింది.

అడిగేవారు పదేళ్ల తరువాత వచ్చారు. 2022 జూలైలో గోదావరి మళ్లీ పొంగింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ నెల 16న భద్రాచలం వద్ద మట్టం 71 అడుగులు దాటింది. దిగువన కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాల ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాటిలో ఎన్నింటికో పోలవరం ముంపు కూడా రాసిపెట్టి ఉంది. నీరు తగ్గాక ఒక స్త్రీ స్టూడియో మెట్లెక్కింది. చేతిలో బురద పట్టిన పెళ్లి ఆల్బం. పుటలు ఒకదానికొకటి అంటుకుపోయి, రంగులు కారిపోయాయి.

"మా పెళ్లి ఫోటోలు మీ కంప్యూటరులో ఉంటాయి కదా అన్నా. 2009లో మీరే తీశారు. అన్నీ వద్దు. మా నాయన కన్యాదానం చేసేది ఒక్కటి తీసి ఇవ్వండి. ఆయన పోయాడు. వేరే ఫోటో లేదు."

ఆయన వెంటనే మాట్లాడలేకపోయాడు. అటక మీది ట్రంకు పెట్టెలో 1990ల నాటి నెగెటివులు చెక్కుచెదరక ఉన్నాయి. అదే వారంలో ముగ్గురు వృద్ధులకు వాటి నుండి ఆయన ఫోటోలు తీసి ఇచ్చాడు. కానీ 2009 లేదు. బీరువాలోని డిస్కు తీసి ఆమె ముందు పెట్టి, "లేవమ్మా. ఇంకో కాపీ పెట్టవలసినవాణ్ని. ధర ఎక్కువని ఆగాను" అన్నాడు. ఆమె అతన్ని నిందించలేదు. ఆ మౌనమే ఆయనకు బరువైంది. అంటుకుపోయిన పుటలను తడిపి, ఓపికగా విడదీసి, మిగిలిన ఒక ఫోటోను కెమెరాతో మళ్లీ తీశాడు. తండ్రి చేతులు స్పష్టంగా వచ్చాయి. ముఖం సగమే వచ్చింది. ఆమె దానినే కళ్లకద్దుకొని వెళ్లింది.

నాటి నుండి ఆయన పద్ధతి మారింది. ప్రతి పనికీ రెండు కాపీలు. ఒకటి స్టూడియోలో, మరొకటి గోదావరి చేరలేని ఖమ్మంలో బంధువుల ఇంట. ఐదారేళ్లు నిండిన డిస్కులోని సమాచారాన్ని కొత్తదానిలోకి మారుస్తాడు. ఫోటోలున్న సంచిపై ఊరి పేరు, సంవత్సరం మళ్లీ రాస్తున్నాడు. రెండవ కాపీ ఖర్చును బేరంలోనే కలిపి, అది ఎందుకో వివరించి చెబుతాడు. పెళ్లివారికి ఇచ్చే ఆల్బంతో పాటు, "ఇది మీ ఇంట్లో కాక మరొక ఇంట్లో ఉంచండి" అని ఒక చిన్న డ్రైవు కూడా ఇస్తాడు.

పరిశ్రమ ఇంకా కుదించుకొనే పోయింది. 2010లో ప్రపంచమంతటా సుమారు 65 కోట్ల హార్డ్ డిస్కులు అమ్ముడుకాగా, 2023లో ఆ సంఖ్య 12 కోట్ల పరిసరాలకు వచ్చింది. కంప్యూటర్లలో వాటి స్థానాన్ని తిరిగే పళ్లెం లేని ఎస్.ఎస్.డి.లు ఆక్రమించాయి. మిగిలిన పెద్ద డిస్కులలో అధికభాగం డేటా కేంద్రాలకే పోతున్నాయి. 2025లో కృత్రిమ మేధ కోసం ఆ కేంద్రాల గిరాకీ పెరగగా ధరలు మళ్లీ పైకి లేచాయి. వరద లేకపోయినా ధర పెరుగుతుందని అప్పుడు ఆయనకు తెలిసింది. ఈసారి మాత్రం ధర దిగేదాకా ఆగలేదు.

వస్తువు ధరను సంత నిర్ణయిస్తుంది. పోటీ ఉంటే తగ్గుతుంది, లేకుంటే పెరుగుతుంది. ఆ వస్తువులో దాచిన జ్ఞాపకానికి వెలకట్టవలసినవాడు మాత్రం దాచుకొనేవాడే. చవకగా దొరికిందని అశ్రద్ధ చేసినా, ఖరీదైందని వాయిదా వేసినా నష్టం ఒక్కటే. ఆ స్టూడియో గోడ మీద నేడు సగం ముఖం గల ఫోటో ఒకటి వేలాడుతోంది. అది ఎవరిదని అడిగిన ప్రతివారికీ ఆయన రెండు వరదల కథ చెబుతాడు.