ఉత్త పిడికిలి

ఏమండీ, జేబులో పది రూపాయల బిళ్ల ఉందా? రూపాయి వద్దులెండి, అది మరీ బుల్లిది, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. 10 రూపాయలదైతే 27 మిల్లీమీటర్లు, పట్టుకోడానికి వీలు, ఎదుటివాళ్ళకి కనపడుతుంది కూడా. మ్యాజిక్ నేర్చుకుంటామనుకున్న చాలామంది ముందు బజారుకెళ్ళి దొంగ అర ఉన్న పెట్టె, రంగు మారే రుమాలు కొనుక్కొస్తారు. నాలుగు రోజులయ్యేసరికి అవి అటకెక్కుతాయి. మీరు ఆ ఖర్చు పెట్టుకోకండి.

ఎడమ అరచెయ్యి పైకి తిప్పి, బిళ్లని బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకీ మధ్య అంచుల దగ్గర పట్టుకోండి. దాన్ని అందుకుంటున్నట్టు కుడి చెయ్యి తీసుకురండి. ఆ చేతి బొటనవేలు బిళ్ల కిందకి, తక్కిన వేళ్ళు దాని ముందుకి. వేళ్ళు బిళ్లని కప్పేశాయా? ఇప్పుడు ఎడమ బొటనవేలు కాస్త వదులు చెయ్యండి. బిళ్ల ఎడమ చేతిలోనే పడిపోతుంది. కుడి చెయ్యి ఉత్త పిడికిలి బిగించుకుని పక్కకి జరుగుతుంది. దీన్ని ఫ్రెంచ్ డ్రాప్ అంటారు.

ఏదీ, ఒకసారి అద్దం ముందు చేసి చూడండి. చూపు ఎడమ చేతి మీదే ఉందా? ఉంటుంది! గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, సొమ్మున్న చోటికే కన్ను పోతుంది. దీనికి మందొకటే. బిళ్లని నిజంగానే కుడి చేత్తో తీసుకోండి, ఒకసారి కాదు, విసుగు పుట్టేదాకా. అప్పుడు మీరెటు చూస్తున్నారు, పిడికిలి ఎంత గట్టిగా బిగిస్తున్నారు, ఖాళీ అయిన ఎడమ చెయ్యి ఏం చేస్తోంది, గమనించండి. దొంగగా తీసుకునేటప్పుడూ అచ్చం అలాగే ఉండాలి. ఎడమ చేతిని గబుక్కున జేబులో దోపేవాణ్ణి అయిదేళ్ళ పిల్లైనా పట్టేస్తుంది. దాని మానాన దాన్ని వేలాడనివ్వండి.

మెజీషియన్ పి.సి. సర్కార్ సంగతి వినే ఉంటారు. 1956 ఏప్రిల్ 9న బి.బి.సి. వాళ్ళ పనోరమా కార్యక్రమంలో బల్లమీద ఒక అమ్మాయిని పడుకోబెట్టి, గిర్రున తిరిగే రంపంతో నడుముకి అడ్డంగా కోశాడాయన. తరవాత ఆ పిల్లని పిలిచాడు, చేతులు రుద్దాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తల అడ్డంగా ఊపి, మొహం మీద నల్లగుడ్డ కప్పేశాడు. ఇంతలో వ్యాఖ్యాత అడ్డొచ్చి, కార్యక్రమం అయిపోయిందన్నాడు! అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం ఫోన్ల మీద ఫోన్లు. రంపం మ్యాజిక్ అంతకుముందూ చేసినవాళ్ళున్నారు, కానీ నన్నడిగితే ఆ రాత్రి పని చేసింది ఆ తల ఊపడమే. మన బి.వి. పట్టాభిరామ్ గారు మ్యాజిక్‌లో పేరు తెచ్చుకుని మనస్తత్వ శాస్త్రంలోకి వెళ్ళారంటే ఆశ్చర్యమేముంది? రెండూ ఇరుగుపొరుగు ఇళ్ళేగా!

బిళ్లతో చెయ్యి అలిసిందా? అయితే పేక తియ్యండి. దీనికి వేళ్ళ నేర్పు అక్కర్లేదు, నోరుంటే చాలు. కలిపేటప్పుడు అడుగు ముక్కని ఓరగా చూసి పెట్టుకోండి, కళావరు ఏడు అనుకుందాం. మరదలినో బావగారినో పిలిచి, మధ్యలోంచి ఒక ముక్క తీసి చూసుకుని పేక పైన పెట్టమనండి. పేకని కట్ చేసి, అడుగు భాగం పైకి వెయ్యండి. మీ కళావరు ఏడు వెళ్ళి వాళ్ళ ముక్క నెత్తిన కూర్చుంటుంది. ఇంకో నాలుగుసార్లు కట్ చేసినా ఆ జంట మామూలుగా విడిపోదు. ఇక పైనుంచి ఒక్కో ముక్కా తిప్పి పరుస్తూ రండి. కళావరు ఏడు తరవాత వచ్చేదే వాళ్ళది. అక్కడ ఆగకండి! ఏమీ ఎరగనట్టు ఇంకో రెండు ముక్కలు దాటి, చేతిలో ఉన్న పేకని తడుముతూ, ‘ఇప్పుడు నేను తిప్పబోయేది మీ ముక్కే’ అనండి. తమది ఎప్పుడో దాటిపోయిందని వాళ్ళు కిసుక్కున నవ్వి పందెం కాస్తారు. మీరు తాపీగా బల్లమీదున్న వాళ్ళ ముక్కని బోర్లా తిప్పండి.

‘మళ్ళీ చెయ్యి’ అంటారు. చచ్చినా చెయ్యకండి, రెండోసారి వాళ్ళు చూసేది మీ చేతుల్నే. ఇంకో మాట. పెళ్ళిళ్ళలో ఈ ఆట పెడితే రమ్మీ బాబాయిలకి మాత్రం పేక అందనివ్వకండి. వాళ్ళ చేతికి కట్ చెయ్యడం తెలీదు, బరబరా కలిపేస్తుంది, మీ కళావరు ఏడు గల్లంతు. అన్నట్టు, పేక మీ ఇంటిదే పట్టుకెళ్ళండి. వాళ్ళ పేకలో ఎప్పుడూ ఓ ముక్క తక్కువే.