మట్టి కాసులపేరు

మా అవ్వ కాసులపేరులో ప్రతి కాసు మీదా లక్ష్మి ఉండేది. పండగ పొద్దున వంగి ముగ్గేస్తుంటే కాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. తమిళనాడులోని హోసూరులో పుట్టి పెరిగిన నాకు నగ అనగానే మొదట వినపడేది ఆ చప్పుడే. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె ముందు నిలబడ్డప్పుడు మళ్లీ అది వినపడింది.

పెట్టెలో ఉన్నది కాల్చిన మట్టి బిళ్ల. రూపాయి కాసంత. దాని మీద పక్కకు తిరిగిన మగ ముఖం. రోము చక్రవర్తి తిబెరియస్ నాణేన్ని చూసి చేసిన నకలు అది. పైన దారం దూర్చడానికి చిల్లు. అంటే ఇది డబ్బు కాదు, సోకు! బంగారు నాణెం కొనలేని తెలుగు ఆడబిడ్డ ఎవరో దీన్ని మెడలో వేసుకుని ఉంటుందని నాకు అనిపించింది.

ఊరివాళ్లు కోటగడ్డ అని పిలిచే దిబ్బలోంచి వచ్చిందిది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ, గులాం యజ్దానీ ఆధ్వర్యంలో, అక్కడ తవ్వింది. ఇటుక కట్టడాలు, వేల కొద్దీ శాతవాహన నాణేలు, తెల్లమట్టి బొమ్మలు, పూసలు బయటపడ్డాయి. అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అసలూ నకలూ రెండూ ఒక్క దిబ్బలోనే.

మన వైపు దొరికిన రోము బంగారు నాణేల్లో చాలావాటికి చక్రవర్తి తలకు పైన, పక్కపక్కనే రెండు చిల్లులుంటాయి. దారం ఎక్కిస్తే ముఖం వాలిపోకుండా నిలవడానికి. ఆ చిల్లులు పొడిచిన కంసాలి చేతినీ, మా అవ్వ కాసులు గుచ్చిన చేతినీ కలిపి చూడకుండా ఉండలేను. మా హోసూరుకు దగ్గర్లోని యశ్వంతపురంలోనే 1891లో రైలు పనుల్లో 163 రోము వెండి నాణేలు దొరికాయి.

ఇంగ్లండులో అయితే ఇలాంటివి ఎక్కువగా మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరిగేవాళ్లకు దొరుకుతుంటాయి. 1992లో హాక్సన్ అనే ఊళ్లో ఎరిక్ లాస్, స్నేహితుడైన రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతుంటే రోము కాలపు నిధి తగిలింది. 14,865 నాణేలు, 29 బంగారు నగలు. ఒక గాజు మీద జూలియానా అనే ఆమెకు శుభం పలికే అక్షరాలు చెక్కి ఉన్నాయి. లాస్ కొంత తవ్వగానే ఆగి, కబురు చేశాడు. పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినదాన్ని మట్టితో సహా గడ్డలుగా తీసుకెళ్లారు. ఏ వస్తువు దేని పక్కన, ఏ పెట్టెలో ఉండేదో అందువల్లే తెలిసింది. ఆయన చేసిన గొప్ప పని నిధిని కనిపెట్టడం కాదు, చెయ్యి ఆపుకోవడం.

మా కృష్ణగిరి జిల్లాలో మల్లసంద్రం గుట్ట మీద ఆదిమ సమాధులున్నాయి. పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి కప్పినవి. ఎన్నో కూలిపోయాయి. నిధి ఉందన్న ఆశతో పలకలు పెళ్లగించినవాళ్లను తలుచుకుంటే నా కడుపు మండుతుంది. ఎముకలు, కుండలు, ఇనుప ముక్కలు తప్ప వాటిలో ఏముంటుంది? ఒక్కసారి కలబెట్టిన మట్టికి మళ్లీ నోరు రాదు.

కొండాపూర్ బిళ్ల దగ్గర నాకు తట్టిన సంగతి మరొకటి. మట్టికి డిటెక్టర్ మోగదు. యంత్రంతో వెతికి ఉంటే అగస్టస్ బంగారం పలికేది, ఈ పేద మెడలోని తిబెరియస్ దిబ్బలోనే ఉండిపోయేవాడు. పొర తర్వాత పొర, తట్ట తర్వాత తట్ట మట్టి తీసి ఏరినవాళ్ల ఓర్పు దీన్ని బయటికి తెచ్చింది.

మ్యూజియం మనిషి నా యాస విని, "మీదే ఊరు సార్?" అన్నాడు.

"హోసూరన్నా."

"అక్కడా తెలుగే?"

"మా అవ్వకు వేరే మాట రాదు" అన్నాను. కోటగడ్డకు దారి చూపించాడు.

ఎండ వాలుతోంది. గడ్డి మధ్య ఎర్రటి కుండపెంకొకటి కనిపించింది. అంచున కుమ్మరి వేలిముద్ర లాంటి గుంట. వంగి వేలితో తడిమాను గాని, పైకి తీయలేదు.