చలిపందిరి మాన్యం

మా ఇంట్లో ఒక మాట తరతరాలుగా వినవస్తూ ఉండేది. మా ముత్తాతగారి తండ్రికి రాస్తా పక్కన మాన్యం ఉండేదట. ఏదో ఘనకార్యం చేస్తే నవాబు మెచ్చి ఇచ్చాడట. ఏ నవాబో, ఏమి చూచి మెచ్చాడో చెప్పగలవారు లేరు. మా పూర్వులు ఉత్తర ఆర్కాడు జిల్లాకు వచ్చి స్థిరపడి రెండువందల ఏళ్లు పైబడింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాగితాల మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య ఆ మాన్యం కథ పండుగనాడు పిండివంటలతోపాటు వడ్డించుకొనేందుకు పనికివచ్చేది. దానివల్ల ఎవరికీ లాభమూ లేదు, నష్టమూ లేదు.

కొన్నేళ్ల క్రితం ఆ రోడ్డును వెడల్పు చేసే పని వచ్చింది. మా స్థలంలో కొంత పోతుందనీ, నష్టపరిహారం ఇస్తారనీ కబురు తెలిసింది. అంతే, కథకు కాళ్లు వచ్చాయి. ఊళ్లో ఉన్న మా చిన్నాన్నగారి అబ్బాయి రోజూ ఫోను చేయసాగాడు. "అన్నయ్యా, పాత కాగితం ఒక్కటి సంపాదించి పెట్టండి. మిగతాది నేను చూసుకొంటాను" అన్నాడు. మా వారిలో చెన్నపట్టణంలో ఉన్నది మేమే గనుక ఆ పని మా నెత్తిన పడింది.

ముందు కంప్యూటరులో చూశాము. తమిళనాడులో ఇప్పుడు పట్టా, చిట్టా ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. తాలూకా కచేరీ మెట్లెక్కే శ్రమ చాలావరకు తప్పింది. ఇది చిన్న మేలు కాదు. సర్వే నంబరు కొట్టగానే విస్తీర్ణము, పక్కన మా తాతగారి పేరు కనిపించాయి. తమ్ముడు పొంగిపోయాడు. అయితే ఆ పేరు అక్కడికి ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అన్న సంగతి తెరమీద లేదు. కచేరీలో అడిగినది సరిగ్గా అదే.

ఇక ఎగ్మూరు వెళ్లక తప్పలేదు. ఎనభైనాలుగేళ్ల మా పెదనాన్నగారు తామూ వస్తానని పట్టుపట్టారు. రైల్వే స్టేషనుకు ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డు మీద ఎర్రని ఇటుకల కట్టడం ఒకటి ఉన్నదని మన పాఠకులలో చెన్నపట్టణంవారికి తెలిసే ఉంటుంది. నేడు దానిని తమిళనాడు ఆవణక్ కాప్పగం అంటారు. మా పెదనాన్నగారికి మాత్రం అది ఎప్పటికీ మదరాసు రికార్డాఫీసే.

దాని పుట్టుక చెప్పుకోదగినది. 1805లో గవర్నరు విలియం బెంటింకు, చెల్లాచెదరుగా పడి ఉన్న దొరతనపు కాగితాలను ఒకచోట చేర్చి ఒక మనిషికి అప్పగించమని ఉత్తరువు చేశాడు. ఒక శతాబ్దం గడిచాక, 1909లో, ఈ కట్టడం సిద్ధమయింది. 1911 నుంచి హెన్రీ డాడ్‌వెల్ అనే చరిత్రకారుడు దానికి పెద్దగా ఉండి ఆ కట్టలకు క్రమం తెచ్చాడు. 1670ల నాటి కుంపిణీ కాగితాలు కూడా అందులో ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసుతో కలిసే ఉన్నాయి గనుక, గంజాం మొదలు అనంతపురం దాకా తెలుగువారి నూటయాభై ఏళ్ల పరిపాలన చరిత్ర వ్రాయదలచినవారు ఆ ఎర్రమేడ గడప తొక్కవలసినదే.

దరఖాస్తు పెట్టుకొని, రుసుము కట్టి, కొన్నాళ్లు ఆగాక మాకు కావలసిన పుట దొరికింది. అది ఇనాం రిజిస్టరు. ఈ దేశంలో ఎవరెవరు ఏ హక్కు మీద మాన్యాలు అనుభవిస్తున్నారో విచారించడానికి 1858లో మదరాసు ప్రభుత్వం ఇనాం కమిషను వేసింది. ఆ ఉద్యోగులు ఊరూరా తిరిగి, సాక్ష్యాలు విని, ఒక్కొక్క మాన్యానికి ఒక్కొక్క పద్దు వ్రాశారు. ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, ఎందుకు, ఇప్పుడు అనుభవిస్తున్నవారి పేరేమి, వయస్సెంత, మొదటివారికి ఏమవుతారు అని ఎన్నో గడులు. 1860ల నాటి ఆ సిరా గోధుమరంగుకు తిరిగింది గాని అక్షరం చెదరలేదు.

మా ముత్తాతగారి తండ్రి పేరు చూడగానే ఒళ్లు పులకరించింది. వయస్సు ముప్పైయెనిమిది. ఇన్నాళ్లూ కథలోని మనిషి ఒక్కసారిగా మా కంటె చిన్నవాడై ఎదుట నిలిచినట్లయింది. తరువాతి గడి చదివాము. మాన్యం ఇచ్చినది నవాబు కాడు, ఆ ప్రాంతపు పాళెగాడు. ఇచ్చినది ఘనకార్యానికీ కాదు. రాస్తా మీద నడిచిపోయే బాటసారులకు ఎండాకాలంలో మంచినీళ్లూ మజ్జిగా పోసే చలిపందిరి నిమిత్తం ఇచ్చాడు. ఆ ధర్మం సాగినంతకాలం పన్ను లేకుండా అనుభవించవచ్చునని కమిషనువారు ఖాయపరచారు. వర్గం: ధర్మాదాయం.

మాలో ఎవరి నోటా మాట రాలేదు. మా తాతగారి కాలంలో అక్కడ చలిపందిరి ఉన్నట్లు విన్నవారైనా లేరు. వేరుశనగ వేశారు, కౌలుకిచ్చారు, ఆ డబ్బుతో పెళ్లిళ్లు చేశారు. పెదనాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకొని, "మనం ఇన్నాళ్లూ తిన్నది నీళ్ల సొమ్మురా" అన్నారు.

నకలు తీసుకొని ఇంటికి వచ్చాము. సంగతి విని తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "ఆ కాగితం దొరకలేదని చెప్పండి. ఎవరు వెళ్లి చూడబోయారు?" అన్నాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. వాడి అవసరం మాకు తెలియనిది కాదు. రెండు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. మూడవనాడు పెదనాన్నగారే ఆ నకలు కచేరీలో దాఖలు చేయించారు. ఆ సొమ్ము ఎవరికి చేరాలో నిర్ణయించవలసినవారు నిర్ణయిస్తారు. తమ్ముడు ఆరునెలలు మా గడప తొక్కలేదు.

ఆ ఆరునెలలూ మేము ఆలోచించిన సంగతి ఒకటి ఉన్నది. ఆ పుట మా ఇంటి పెట్టెలోనే ఉండి ఉంటే నేటిదాకా నిలిచేదా? నిలిచేది కాదు. ఏ తరంలోనో ఎవరో ఒకరికి అది అడ్డు వచ్చి ఉండేది. చెదలు తిన్నాయని చెప్పుకొనే కాగితాలలో మనుషులు తిన్నవి ఎన్నో! మాకు చుట్టరికం లేని చేతులలో ఉన్నది గనుకనే ఆ పుట మాకు ప్రతికూలంగా నిజం చెప్పగలిగింది. ప్రభుత్వ దఫ్తరాలను పదిలపరచడంలోని పరమార్థం ఇదే. కాగితం ఎవరి వైపూ కాకుండా ఉండాలి; ఆఖరికి దానిని దాచిన ప్రభుత్వం వైపు కూడా కాకూడదు.

నిలవడమూ ఊరికే నిలవలేదు. కట్టలకు గాలీ వెలుతురూ తగలనిచ్చి, దుమ్ము దులిపి, పురుగుపట్టిన పుటలకు మందుపొగ పట్టించి, చిరిగినవాటికి పల్చని కాగితమో షిఫాను గుడ్డో పిండిజిగురుతో అంటించి కాపాడిన చేతులు ఎన్నో! వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. అయినా కాగితం ఊరగాయ వంటిది. తడి తగలకుండా, మూత జారకుండా చూసుకొంటే, ఏడాదికి ఒకటి రెండుసార్లు కదిపి చూసినా నిలుస్తుంది.

కంప్యూటరు దస్తావేజు అలా కాదు, అది పెరుగుతోడు వంటిది. నేటి తోడు పులిసిపోకముందే మరునాటి పాలలో వేయాలి. ఒక్కపూట ఇల్లాలు మరచిందా, వంశం అక్కడితో ఆఖరు.

ఇది ఎక్కడి సంగతో కాదు, మన సంఘంలోనే చూశాము. 1950ల నాటి సమావేశపు మినిట్సు పుస్తకం ఫౌంటెను పెన్నుతో వ్రాసినది, నేటికీ చదవగలం. 1990లలో "ఇక చేతివ్రాత ఎందుకు" అని కంప్యూటరులో కొట్టించి ఫ్లాపీలలో దాచారు. ఆ ఉత్సాహవంతులలో మేమూ ఉన్నాము. ఆ మధ్య ఒక పెద్దావిడ వచ్చి, పిల్లల బడి నిధికి తన భర్త ఇచ్చిన చందా పద్దు చూడాలని ఉందన్నారు. ఆయన పోయి ఏడాది కాలేదు. ఫ్లాపీలు చదివే యంత్రం కోసం ఊరంతా గాలించాము. దొరికాక చూస్తే సగం ఫ్లాపీలు తెరుచుకోలేదు. తెరుచుకొన్నవాటిలో తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగాపులగంగా కనిపించాయి. ఆ రోజులలో ఒక్కొక్క తెలుగు ఫాంటుది ఒక్కొక్క దారి. ఆ ఫాంటు లేనిదే ఆ తెలుగు తెలుగు కాదు. ప్రపంచానికంతటికీ ఒకే లెక్కన అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడులో 1991లోనే తెలుగు చేరింది గాని, అది మన బల్లల మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆవిడ, "పోనీలే నాయనా, ఆయన ఇచ్చారని నాకు తెలుసుగా" అని వెళ్లిపోయారు. ఆ మాట మాకు ఇంకా గుచ్చుకొంటూనే ఉన్నది.

ఎంతో సామర్థ్యం ఉన్నవారికీ ఈ చిక్కు తప్పలేదు. ఇంగ్లండులో 1086లో దేశంలోని చాలావరకు భూములు లెక్కించి తోలు పుటల మీద వ్రాయించిన డూమ్స్‌డే పుస్తకం నేటికీ చదవవచ్చు. దాని తొమ్మిదివందల ఏళ్ల పండుగకు 1986లో బి.బి.సి.వారు లక్షలాది జనం చేత నాటి దేశపు విశేషాలు వ్రాయించి, ప్రత్యేకమైన పళ్లేలలో భద్రపరచారు. రెండు దశాబ్దాలైనా గడవకముందే ఆ పళ్లేలను చదివే యంత్రాలు కనుమరుగై, వాటిలోనిది బయటికి తీయడానికి పండితులు నానా అవస్థ పడ్డారు.

మన దేశంలో చట్టాలు లేకపోలేదు. 1891లో కలకత్తాలో మొదలయిన దఫ్తరమే నేడు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటరు పుట్టించిన దానిని కూడా ప్రభుత్వ రికార్డుగానే లెక్కించింది. 1892కు ముందటి కాగితాన్ని, ఎందుకూ పనికిరానంతగా శిథిలమైతే తప్ప, నాశనం చేయరాదని శాసించింది. నిబంధన మీరి రికార్డును నాశనం చేసినవారికి ఐదేళ్లదాకా జైలు, పదివేలదాకా జరిమానా, లేదా రెండూ. ఈ చట్టం కేంద్రప్రభుత్వానికీ కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తించేది గనుక యానాంలోని మనవారికీ దీనితో సంబంధం ఉన్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం, ఎలక్ట్రానిక్ దస్తావేజును ముందుముందు తెరిచి చూడడానికి వీలుగా, ఎక్కడ పుట్టిందో ఎప్పుడు పంపారో తెలిసేలాగ ఉంచాలన్నది. ఆ "ఎక్కడ, ఎప్పుడు" పోతే మిగిలేది మా తాతగారి పేరు వంటి ఒంటరి పేరే.

చేయవలసినదీ తెలియనిది కాదు. ప్రతి దస్తావేజుకూ వేరువేరు ఊళ్లలో రెండు మూడు నకళ్లుండాలి. యంత్రాలు మారినప్పుడల్లా కొత్త రూపంలోకి తిరగవ్రాయాలి. దీర్ఘకాలం నిలవడానికని 2005లో పి.డి.ఎఫ్./ఎ అనే ప్రమాణం కూడా ఏర్పడింది. పద్దుల అడుగున మొత్తం వేసినట్లు, దస్తావేజు అంతటికీ ఒక లెక్క కట్టి వేరేచోట దాచుకొంటే, ఎవరు ఒక్క అక్షరం మార్చినా ఆ లెక్క తప్పుతుంది. కాగితం మీద దిద్దితే గోకిన గుర్తు ఉంటుంది. కంప్యూటరులో ఆ గుర్తు ఉండేలా మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఇవన్నీ ఒకనాడు చేసి చేతులు దులుపుకొనే పనులు కావు. వీటికి మనుషులు కావాలి, ఏటేటా జీతం కావాలి. యంత్రం కొన్న సంవత్సరం పూలమాలలు వేస్తాము. తోడు వేసే చేతికి జీతం అడిగితే మొగం చాటు చేస్తాము.

తమ్ముడు మొన్న ఉగాదికి వచ్చాడు. భోజనాలయ్యాక ఆ నకలు తీసి చూపమన్నాడు. వేలితో గడి వెంట గడి చదువుకొంటూ పోయి, "ముప్పైయెనిమిదేనా ఆయనకు!" అన్నాడు. మరేమీ అనలేదు. ఈ ఎండలకు ఆ రోడ్డు మీద రెండు బానలు పెట్టిస్తున్నాడని నిన్న వాళ్ల అమ్మాయి చెప్పింది.

మన సంఘంవారికి ఒక మనవి. మీ ఇళ్లలో సంఘానికి చెందిన పాత పుస్తకాలు, రసీదులు, ఫ్లాపీలు, సీడీలు ఏవి ఉన్నా ఆఫీసుకు తెచ్చి ఇవ్వండి. తెరుచుకొన్నంత మేరకు యూనికోడులోకి తిరగవ్రాయించి, ఒక ప్రతి కాగితం మీద కూడా అచ్చువేయించే భారం మేము వహిస్తాము. పెద్దావిడ భర్తగారి పేరు ఇంకా దొరకలేదు. సగం ఫ్లాపీలు ఇంకా మిగిలే ఉన్నాయి.