యాదవగిరి జావా, అరిగిన గేర్ రాడ్

మైసూరు యాదవగిరిలో ఇప్పుడు జావా కోసం వెతికితే ఫ్యాక్టరీ కనిపించదు. 1961లో మొదలైన ఐడియల్ జావా 1996లో మూతపడింది. బండ్లు మాత్రం ఊరు వదల్లేదు. పాత మెకానిక్ షెడ్లలో జావాలు, యెజ్దీలు ఇంకా స్టాండు మీద కనిపిస్తాయి.

వాటికి తరచూ వచ్చే జబ్బు గేర్ రాడ్‌ది. ఈ బండికి గేర్ రాడ్, కిక్ రాడ్ వేర్వేరు కాదు. ఎడమ పక్కనున్న రాడ్‌ను లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్లీ కిందికి దించితే గేరు. ముచ్చటైన చెక్ ఆలోచనే. కానీ రెండు పనుల బరువూ ఒకే చోట పడుతుంది. రాడ్ రంధ్రంలోని సన్నని పళ్లు షాఫ్టు పళ్లను పట్టుకుని ఉంటాయి. బిగింపు బోల్టు వదులైతే అవి ఒరుసుకుని నున్నబడతాయి. కాలు నొక్కుతుంది, గేరు పడదు.

చాలామంది చేయించేది వెల్డింగ్. చవక, చిటికెలో పని. అసలు బాధ క్లచ్ ప్లేట్లు మార్చే రోజున తెలుస్తుంది. క్లచ్ ఉండేది ఎడమ కవర్ లోపల. రాడ్ ఊడితేగానీ కవర్ రాదు. అతికించిన రాడ్‌ను కోయాలి, దాంతో షాఫ్టూ పోవచ్చు. షాఫ్టు పళ్లు బాగుంటే కొత్త రాడ్ వేసి, బోల్టు గట్టిగా బిగిస్తే సరిపోయేది.

2018లో జావా పేరు తిరిగొచ్చింది. ఇప్పటి బండి పీతంపూర్‌లో తయారవుతుంది, స్టార్ట్ చేయడానికి బటన్. దాని రాడ్ పాతదానికి పనికిరాదు. మైసూరులో పాత జావా కొనేవాళ్లు రంగు, సైలెన్సర్ల మెరుపు తర్వాత చూడొచ్చు. ముందు రాడ్ మొదట్లో వెల్డింగ్ మచ్చ ఉందేమో వంగి చూడాలి.