కోడా? పుంజా?

చిన్నప్పుడు కలె పండు దొరికితే నేరుగా నోట్లో వేసుకునేవాళ్లం కాదు. "కోడా? పుంజా?" అని పక్కవాణ్ని అడగాలి. కొరికితే లోపల ఎర్రగా ఉంటే పుంజు, తెల్లగా ఉంటే కోడి. తప్పు చెప్పినవాడు తన దోసిట్లోంచి ఒక పండు ఇచ్చుకోవాలి. ఆ రుచి మీద మనసు పోయి, పోయినేడు జనగామ దగ్గర మా చుట్టాల ఊరి గుట్ట మీంచి మోకాలెత్తు కలె పొదను తవ్వి తెచ్చి, ఉప్పల్‌లో మా డాబా మీద కుండీలో పెట్టాను. నాలుగో రోజుకి ఆకు వాలింది. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను, తక్కువయ్యాయేమోనని పెంచాను. పదో రోజుకి పుల్ల మిగిలింది.

ఈసారి తవ్వుకురావడానికి కాదు, అడిగి తెలుసుకోవడానికని పునర్వసు కార్తెలో బయల్దేరాను. సంచీలో రెండు పాత గోనెపట్టాలు, ఒక కత్తెర.

జనగామ బస్టాండు బయట ఒక అవ్వ మోదుగాకు దొప్పల్లో కలె పండ్లు పెట్టుకుని కూర్చుంది. దొప్ప ఇరవై రూపాయలు. సగం పండినవి ముచ్చిక తీయగానే తెల్లటి పాలు కారి వేళ్లు బంకబంకగా అంటుకున్నాయి. గన్నేరు కుటుంబంలోది మరి. నల్లగా మాగినవి మాత్రం వెన్న. తింటూ, గింజలు ఉమ్మేస్తూ ఆటో ఎక్కాను. ఆ ఉమ్మేయడం సంగతి మళ్లీ వస్తుంది.

చుట్టాల ఊళ్లో నర్సరీ ఉంది. మొక్కలు నాటే హరితహారం పథకం 2015లో మొదలైంది, తర్వాత ఊరూరా వెలిసిన నర్సరీల్లో అదొకటి. నీడ పరదా కింద నలుగురు ఆడవాళ్లు నల్ల కవర్లలో మట్టి నింపుతున్నారు. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పెంట. ఒకామె కవరు నింపి నేల మీద రెండుసార్లు దబదబా కొట్టి, నీళ్లు పోసి, మట్టి రెండు వేళ్లు కుంగాక మళ్లీ నింపింది. నా పొద కథ విని నవ్వింది.

"తల్లి ఏరు తెగినంక ఏం బతుకుతది బిడ్డా? రాళ్ల సందుల పెరిగిన చెట్టు. పైన మోకాలెత్తున్నా, కిందికి నీ అంతెత్తు పోతది."

నేను తవ్వింది జానెడు. మిగతాది గుట్టలోనే ఉండిపోయిందన్నమాట.

ఆమె చూపించిన ఇంకో పని నాకు కొత్త. కొన్నాళ్లకోసారి కవర్లన్నీ లేపి పక్కకు జరుపుతారు. వేరు కవరు చిల్లులోంచి నేలలోకి దిగితే, జరిపినప్పుడు ఆ కొస పుటుక్కున తెగుతుంది. అప్పుడు లోపల పిల్ల వేర్లు పుడతాయి. ఒకేసారి పెద్ద వేరు పోగొట్టుకోవడం వేరు, చిన్నప్పట్నుంచీ కొంచెం కొంచెం తెగడం అలవాటు కావడం వేరు. నా గుట్ట పొదకి ఆ అలవాటు ఎక్కడిది!

మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో మహబూబాబాద్ చేరాను. రాసుకునే పేరు అదేగానీ అక్కడివాళ్లకి అది మానుకోటే. మా మేనత్త వాకిట్లో సగానికి కోసిన నీలం డ్రమ్ములో మల్బరీ ఉంది. పండ్లు తగ్గాయని ఫోన్లో ఏడాదిగా బాధపడుతోంది. ఇద్దరం డ్రమ్ము పక్కకి పడుకోబెట్టి లాగితే మట్టి ముద్ద అచ్చు డ్రమ్ము ఆకారంలోనే ఊడొచ్చింది. చుట్టూ వేర్లు, చాపలా అల్లుకుపోయి. అడుగున వేలెడు లావు వేరొకటి మూడు చుట్లు తిరిగి ఉంది. కత్తిపీట తెచ్చి నేను అడుగు నాలుగంగుళాలు కోసేస్తుంటే అత్త మొహం తిప్పేసుకుంది.

"చెట్టును సంపుతున్నవా ఏందిరా?"

పక్కల నాలుగు చోట్ల నిలువునా గాటు పెట్టి, కొమ్మలు కూడా సగానికి కొట్టేశాను. వేరు సగం పోయాక ఆకు మొత్తం ఉంటే తాగే నోరు ఎక్కువ, తెచ్చే చెయ్యి తక్కువ. పైగా మల్బరీ కొత్త చిగురుతోపాటే కాస్తుంది, కత్తిరిస్తేనే దానికి కాయాలన్న ఆలోచన వస్తుంది. చిల్లుల మీద పెంకు ముక్కలు బోర్లించి, కొత్త మట్టి పోసి, వారం రోజులు చూరు నీడలో ఉంచమన్నాను. కొట్టేసిన కొమ్మల్లోంచి పెన్సిలు లావువి నాలుగు కణుపుల ముక్కలు చేసి ఆరు, తడి గోనెలో చుట్టుకున్నాను.

మర్నాడు గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి. రోడ్డంతా వాన. గణపురంలో దిగి కాకతీయుల నాటి కోటగుళ్లు చూడాలనుకున్నాను. ముసురులో కాకతీయుల కంటే వేడి మిర్చీలే నయమనిపించాయి.

భూపాలపల్లిలో నేను వెతుక్కుంటూ వెళ్లింది సింగరేణి గనిలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి. పెరట్లో ఎటు చూసినా కుండీలు, నూనె డబ్బాలు. వాక్కాయ కొమ్మను నేలకి వంచి, కణుపు దగ్గర తోలు గీకి, మట్టి కప్పి పైన రాయి పెట్టాడు. నేల అంటు. "మూడు నెలలైనంక తల్లి నుంచి కోసుడే" అన్నాడు. వాక్కాయ సరే, నాకు కావలసింది కలె. ఒక మూల కవర్లలో జానెడు మొక్కలున్నాయి, అన్నీ గింజ నుంచి వచ్చినవే.

"గింజ ఎండితె మొలవదు సారు. తిన్ననాడే పెట్టాలె. మీరెప్పుడన్న తిన్నరా?"

"నిన్న జనగామల తిన్న."

"గింజలేవి మరి?"

చెప్పాను. ఆయన నవ్వుతూ లోపలికెళ్లి భార్యకి కూడా చెప్పొచ్చాడు.

రెండు మొక్కలిచ్చాడు, డబ్బులు ముట్టలేదు. నాటేటప్పుడు కవరు పీకొద్దని, బ్లేడుతో నిలువునా కోసి మట్టి ముద్ద చెదరకుండా దింపాలని రెండుసార్లు చెప్పాడు.

తిరుగు బస్సు పరకాల మీదుగా. బస్టాండులో ఇంకో దొప్ప కొన్నాను. ఒళ్లో మొక్కలు, కాళ్ల దగ్గర గోనె, చేతిలో తడిపిన రుమాలు. ఒక్కో పండూ తిని గింజలు రుమాల్లోకి జాగ్రత్తగా తీస్తుంటే, పక్క సీట్లో తల్లి ఒళ్లోని పిల్లాడు చాలాసేపు చూసి, చివరికి ఉండబట్టలేక వేలు చూపించి అడిగాడు:

"కోడా? పుంజా?"

"పుంజు" అన్నాను. కొరికితే తెల్లగా ఉంది. ఒకటి ఇచ్చాను, గింజలు మాత్రం నాకిచ్చేయాలని చెప్పి.